పార్కు గీత దాటగానే బైసన్‌ని ఎందుకు చంపుతున్నారు?

సుధాకర్_సియాటిల్
ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌కి ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్ళాం, నేనూ మా ఆవిడా, తొమ్మిదేళ్ళ మా పాప. చలికాలంలో మామూలు కార్లకి తెరిచి ఉండేది ఉత్తరాన గార్డినర్ నుంచి కుక్ సిటీ దాకా పోయే రోడ్డు ఒక్కటే. లామార్ లోయలో ఒక బైసన్ మంద కనబడింది. ముట్టెల మీద మంచు గడ్డకట్టి ఉంది, తల అటూ ఇటూ ఊపుతూ నడుముల్లోతు మంచుని తోసేసి కింద ఎండుగడ్డి మేస్తున్నాయి. మైనస్ ఇరవైలో కారు అద్దం దించుకుని గంటన్నర చూశాం. ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అంటూ పాప కదలనివ్వలేదు.

మర్నాడు పార్కు బయట, నది పక్కన మట్టిరోడ్డు మీద కొంచెం దూరం వెళ్ళాం. అక్కడ మంచంతా ఎర్రగా ఉంది. పేగులు, పొట్టలు కుప్పలుగా పడి ఉన్నాయి, వాటి మీద బొంతకాకులు. ఒక పికప్ వెనకాల రెండు తలలు. పాప చూసేసింది. మోటెల్‌లో అడిగితే "పార్కు గీత దాటినవాటిని వేటాడతారు, ప్రతి చలికాలం ఉండేదే" అన్నారు.

2016 మేలో ఒబామా సంతకం పెట్టి బైసన్‌ని అమెరికా జాతీయ క్షీరదం చేశారు. గీతకి ఇవతల జాతీయ చిహ్నం, అవతల మాంసమా? పాపకి ఏం చెప్పాలో తెలియడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

మాధవి77
అయ్యో, పాప ఎలా ఉంది ఇప్పుడు? మేం జూలైలో వెళ్ళాం, రోడ్డుకి అడ్డంగా మంద నిలబడి ముప్పావుగంట ఆగిపోయాం, అది చాలా సంతోషంగా గుర్తుంది. చలికాలంలో ఇలా జరుగుతుందని ఇప్పుడే వింటున్నా.

బోజ్‌మన్_వాసి
మీరు వెళ్ళింది బీటీ గల్చ్ దగ్గరకి అనుకుంటా. నేను చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను, తొమ్మిదేళ్ళు. నాకు అర్థమైనంత చెప్తాను.

ఎల్లోస్టోన్ ఎత్తు మీద ఉంటుంది. మంచు బాగా పడిన ఏడు పైన మేత దొరకదు, మంద కిందకి దిగుతుంది. జింకలు దిగుతాయి, ఎల్క్ (జింకల్లోనే పెద్ద రకం) దిగుతుంది, ఎవరూ ఏమీ అనరు. బైసన్ దిగితే మాత్రం సమస్య, ఎందుకంటే ఈ మొంటానా రాష్ట్రంలో పార్కు దాటి వచ్చిన బైసన్ వ్యవహారం పశుసంవర్ధక శాఖ చేతిలో కూడా ఉంటుంది. ఎల్క్‌ని అడవి జంతువుగా చూస్తారు, బైసన్‌ని రోగం మోసుకొచ్చే పశువుగా చూస్తారు. ఆ రోగం పేరు బ్రూసెల్లోసిస్. 2000లో రాష్ట్రం, కేంద్రం కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి, దాని కింద మంద పెరక్కుండా చలికాలంలో కొన్నింటిని వేటకి వదులుతారు, కొన్నింటిని గార్డినర్ దగ్గర పార్కు లోపలే స్టీఫెన్స్ క్రీక్ దొడ్లో పట్టి కబేళాకి పంపుతారు, ఆ మాంసం గిరిజన తెగలకి వెళ్తుంది. 2022-23 చలికాలం ఘోరం. మంచు విపరీతంగా పడింది, ఒక్క వేటలోనే వెయ్యికి పైగా పోయాయి. అప్పటికి మొత్తం మంద ఆరు వేల లోపే.

పార్కు లోపల వేట నిషేధం. బయట వాటిని తిరగనిచ్చే జాగా చాలా చిన్నది. అందుకే వేట అంతా గీత పక్కనే, ఒకే ఇరుకు చోట జరుగుతుంది. మీరు చూసిన నెత్తురు అంతా ఒకచోట కనబడటానికి కారణం అదే.

పశువైద్యం_ప్రసాద్
బ్రూసెల్లోసిస్ అంటే మన పల్లెల్లో ఈసుకుపోయే రోగం. చూడి పశువు ఆరేడు నెలలప్పుడు ఈసుకుపోతుంది. పడిపోయిన పిండం, మాయ, ఆ స్రావాలు మరో పశువు నాకినా, ఆ గడ్డి మేసినా అంటుకుంటుంది. పచ్చిపాలు తాగినవాళ్ళకి కూడా వస్తుంది, నెలల తరబడి జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, కీళ్ళు లాగేస్తాయి. నా సహోద్యోగి ఒకాయన చేతికి గ్లవ్ లేకుండా మాయ తీసి తెచ్చుకున్నాడు, ఏడాదిన్నర బాధపడ్డాడు. కాబట్టి అక్కడి రైతుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

మన దగ్గర 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకి జీవితంలో ఒక్కసారి టీకా వేస్తున్నాం. అమెరికాలో దశాబ్దాల పాటు పరీక్ష చేసి, సోకిన వాటిని తీసేసి దాదాపు తుడిచిపెట్టారు. మిగిలింది ఒక్క ఎల్లోస్టోన్ చుట్టుపక్కల అడవి జంతువుల్లోనే.

ఒక్క మాట మరిచిపోకూడదు. ఈ రోగం బైసన్‌ది కాదు. యూరప్ నుంచి వచ్చిన ఆవుల ద్వారా వాటికి అంటింది. ఎల్లోస్టోన్ బైసన్‌లో మొదటిసారి గుర్తించింది 1917లో.

ఒంగోలు_గిత్త
మాది పశువుల ఇల్లు. మా నాన్న పాడి మీదే మమ్మల్ని చదివించాడు. అందుకే అడుగుతున్నా, టూరిస్టుగా వెళ్ళి రెండు రోజులు చూసి బాధపడటం వేరు, అక్కడ మూడు తరాలుగా ఆవులు మేపుకుంటూ బతికేవాడి పరిస్థితి వేరు. మందలో ఒక్క ఆవుకి పాజిటివ్ వస్తే మొత్తం మంద కదలకూడదు, అమ్మకూడదు, పదే పదే పరీక్షలు. ఆ టెన్షన్ ఎవరు పడతారు? మొంటానాలో మనుషులు 11 లక్షలు, ఆవులు 20 లక్షల పైన. వాళ్ళ బతుకే అది. రైతుని విలన్ చేయకండి దయచేసి.

సుధాకర్_సియాటిల్
గిత్త గారూ, రైతుని నేను ఒక్క మాట అనలేదు. నాకు తెలియకే అడిగాను. ఒకటి చెప్పండి, బైసన్ నుంచి ఆవులకి ఎన్నిసార్లు అంటింది?

బోజ్‌మన్_వాసి
సుధాకర్ గారు సరైన చోట పట్టుకున్నారు. బయట మేతలో ఎల్లోస్టోన్ బైసన్ నుంచి ఆవుకి అంటినట్టు నిరూపణ అయిన సంఘటన ఒక్కటి కూడా లేదు. ఎల్క్ నుంచి అంటినవి ఉన్నాయి. 2017లో నేషనల్ అకాడమీస్ అనే అమెరికా సైన్స్ సంస్థ నివేదిక కూడా అదే చెప్పింది, ఈమధ్య కాలంలో ఆవుల మందల్లో బయటపడిన కేసులన్నీ ఎల్క్ వైపే చూపిస్తున్నాయి అని. 2008లో మొంటానా తన రోగరహిత హోదా పోగొట్టుకుంది, 2009లో తిరిగి తెచ్చుకుంది, ఆ గొడవకి కారణమైనవి కూడా బైసన్ కావు.

అలాగని బైసన్‌లో రోగం లేదని కాదు. పరీక్ష చేస్తే ఇంచుమించు సగం ఆడ బైసన్‌లో దాని జాడ కనబడుతుంది. ఇన్నాళ్ళూ అంటకపోవడానికి ఒక కారణం వాటిని ఆవుల దగ్గరకి రానివ్వకపోవడమే అని రైతులు అంటారు, ఆ మాటలో న్యాయం ఉంది. కానీ అదే రోగం ఉన్న ఎల్క్ కంచెలు దూకి ఆవుల గడ్డివాముల్లో తింటుంటే ఊరుకుని, బైసన్‌ని మాత్రం గీత దగ్గర ఆపడం ఏ లెక్క? ఎల్క్ వేటకి ఈ రాష్ట్రంలో బోలెడంత గిరాకీ. మేత విషయంలో బైసన్ ఆవుకి పోటీ. నాకు రోగం కంటే ఇదే పెద్ద కారణంగా కనిపిస్తుంది.

ఒంగోలు_గిత్త
ఎల్క్ సంగతి నాకు తెలియదు. దాని మీద ఒప్పుకుంటా. మేత పోటీ సంగతి మాత్రం చిన్న విషయంలా కొట్టిపారేయకండి, గడ్డి లేకపోతే రైతు లేడు.

కృష్ణాతీరం
పోటీ అనే మాట వచ్చింది కాబట్టి చెప్తా, అసలు ఆ గడ్డి ఎవరిది? 1800 నాటికి ఉత్తర అమెరికాలో బైసన్ మూడు కోట్ల నుంచి ఆరు కోట్లు ఉండేవని అంచనా. 1880ల చివరికి వెయ్యి మిగల్లేదు, అడవిలో అయితే కొన్ని వందలే. తెల్లవాళ్ళు ఆకలికి తిన్నారనుకుంటే పొరపాటు. 1871 ప్రాంతంలో బైసన్ తోలుని పనికొచ్చే తోలుగా ఊనే పద్ధతి కుదిరింది. ఫ్యాక్టరీల్లో యంత్రాలు తిప్పే బెల్టులకి ఆ దట్టమైన తోలు బాగా పనికొచ్చింది. రైలు అప్పటికే వచ్చేసింది. తోలు ఒలుచుకుని మాంసం అక్కడే వదిలేసేవాళ్ళు. 1870ల చివరికి దక్షిణపు మంద అయిపోయింది, 1883కల్లా ఉత్తరపు మంద కూడా. తర్వాత కొన్నేళ్ళు ఆ మైదానాల్లో మిగిలిన పంట ఎముకలే, ఏరి కుప్పలు పోసి రైళ్ళలో ఎరువు ఫ్యాక్టరీలకి పంపారు.

దాంతోపాటే ఇంకో పని జరిగింది. ఆ మైదానాల్లో లకోటా, కొమాంచీ, షయాన్, బ్లాక్‌ఫీట్ లాంటి జాతుల తిండి, గుడారం, కప్పుకునే దుప్పటి అన్నీ బైసనే. అది పోతే వాళ్ళు రిజర్వేషన్లలోకి, అంటే వాళ్ళకని కేటాయించిన భూముల్లోకి వచ్చి రేషన్‌కి చేయి చాపక తప్పదని సైన్యంలో పెద్దవాళ్ళకి బాగా తెలుసు, తెలిసే ఊరుకున్నారు, కొందరు ప్రోత్సహించారు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎల్లోస్టోన్‌లో 1902లో లెక్కేస్తే మిగిలినవి రెండు డజన్లు, అవీ పెలికన్ లోయలో. సుధాకర్ గారూ, మీ పాప చూసిన మందలో ఆ రెండు డజన్ల రక్తం ఉంది.

పాపికొండల_గాలి
చిన్న సవరణ, కానీ నాకు ముఖ్యం. మన పేపర్లు బైసన్ అనగానే అడవిదున్న అని రాసేస్తున్నాయి. అడవిదున్న అంటే గౌర్. మన పాపికొండల్లో, కవ్వాల్‌లో ఉంటుంది, నల్లగా నిగనిగలాడుతూ కాళ్ళకి తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు. అమెరికా బైసన్‌కి ముందు భాగమంతా బొచ్చు, గడ్డం, పెద్ద మూపురం, వెనక నడుము సన్నం. రెండూ దూరపు చుట్టాలు, ఒకటి కాదు. అమెరికాలో వాళ్ళు బఫెలో అన్నా అది మన గేదె కాదు.

కృష్ణాతీరం గారు చెప్పింది చదివాక మా వైపు కొమ్ముకోయలు గుర్తొచ్చారు. పెళ్ళిళ్ళకి, పండగలకి అడవిదున్న కొమ్ములు తలకి కట్టుకుని ఆడతారు. ఇప్పుడు ఆ కొమ్ములు కొత్తగా రావు, తాతల నాటివే జాగ్రత్తగా దాచుకుంటారు. జంతువు కనబడకుండా పోయినా ఆట మిగిలింది. అక్కడ మైదానాల వాళ్ళకి వందేళ్ళ పైన అలాగే గడిచి ఉంటుంది.

శిరీష_డెన్వర్
కొంచెం మంచి మాట చెప్తాను. డెన్వర్ నుంచి ఐ-70 మీద కొండల వైపు వెళ్తుంటే జెనెసీ దగ్గర రోడ్డు పక్కనే మంద కనిపిస్తుంది, అది డెన్వర్ నగరానిదే. వందేళ్ళ పైనుంచి పెంచుతున్నారు. ఒకప్పుడు ఎక్కువైన వాటిని వేలం వేసేవాళ్ళు. 2021 నుంచి వేలం మానేసి తెగలకి ఇచ్చేస్తున్నారు. మా ఆఫీసులో ఒకావిడ ఆ ట్రక్కులు బయల్దేరే రోజు వెళ్ళింది, పెద్దవాళ్ళు పాట పాడి సాగనంపారట. చెప్తూ ఆవిడ ఏడ్చేసింది, నాకూ ఆగలేదు.

ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే దారిలో రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అని ఉంది, ఒకప్పుడు రసాయన ఆయుధాలు చేసిన చోటు. 2007 నుంచి అక్కడా బైసన్ ఉన్నాయి. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చినప్పుడు విమానం దిగిన గంటలో చూపించా.

మాధవి77
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. ఇక్కడ హోటళ్ళలో బైసన్ బర్గర్ ఉంటుంది. అది బీఫ్ కిందకి వస్తుందా రాదా? మా ఇంట్లో ఆవు మాంసం తినం. మామయ్యగారు వచ్చినప్పుడు బఫెలో వింగ్స్ చూసి గేదె అనుకుని ప్లేటు పక్కన పెట్టేశారు, అది కోడి, బఫెలో అనే ఊరి పేరు అని చెప్పేసరికి అందరం నవ్వుకున్నాం, ఆయన కూడా. కానీ బైసన్ విషయం నిజంగా తెలియదు.

డాలస్_నాని
అక్కా, బైసన్ ఆవు కాదు, కానీ చుట్టరికం చాలా దగ్గర. రెండింటికీ సంకరం కుదురుతుంది. టెక్సాస్‌లో చార్లెస్ గుడ్‌నైట్ అనే రాంచర్ 1880ల్లోనే ఆవుకీ బైసన్‌కీ కలిపి కొత్త పశువుని తేవాలని చూశాడు. అలాంటి ప్రయోగాల వల్ల ఇప్పటి మందల్లో ఆవు రక్తం కొద్దిగా కలిసే ఉంది, ఎల్లోస్టోన్ మందలో కూడా ఆ జాడ ఉందని 2022లో జన్యు పరీక్షలు చేసినవాళ్ళు తేల్చారు. తినాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. మా ఇంట్లో తినం.

గుడ్‌నైట్ గురించి ఇంకోటి, అందరూ చంపుతున్నప్పుడు ఆయన భార్య మేరీ ఆన్ పోరు పెట్టి కొన్ని దూడల్ని బతికించింది. ఆ వంశమే ఇప్పుడు కాప్‌రాక్ కాన్యన్స్ స్టేట్ పార్కులో ఉంది. డాలస్ వాళ్ళకి ఇంకా దగ్గర కావాలంటే ఓక్లహోమాలో విచిటా మౌంటెన్స్ అభయారణ్యం. 1907లో న్యూయార్క్ బ్రాంక్స్ జూ నుంచి 15 బైసన్‌ని రైలెక్కించి అక్కడికి పంపారు. చూడటానికి కొమాంచీ కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాయి. ముసలివాళ్ళకి జ్ఞాపకం, పిల్లలు మాత్రం ఆ జంతువుని అప్పుడే మొదటిసారి చూడటం. నేను అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ ఆ రైలే గుర్తొస్తుంది.

హైదరాబాదీ_హైకర్
ఎవరైనా ఎండాకాలం ఎల్లోస్టోన్ వెళ్తుంటే ఒక్క మాట. 25 గజాలు దూరం ఉండాలి, అది రూలు. మగది 900 కిలోల దాకా ఉంటుంది, గంటకి 50 కిలోమీటర్ల పైన పరుగెడుతుంది. ఆ పార్కులో ఎలుగుబంట్ల కంటే బైసన్ వల్ల గాయపడేవాళ్ళే ఎక్కువ. తోక నిటారుగా లేచిందంటే వెనక్కి నడవండి. జూలై ఆఖరు, ఆగస్టు ఎదకొచ్చే కాలం, అప్పుడు మరీ జాగ్రత్త. మన వాళ్ళు ఒక గుంపు పిల్లాణ్ణి ముందు నిలబెట్టి ఫోటో తీస్తుంటే నేనే వెళ్ళి లాక్కొచ్చాను. తిట్టారు. మళ్ళీ అయినా లాక్కొస్తాను.

దూడ ఒంటరిగా కనబడినా ముట్టుకోకండి. 2016లో ఎవరో చలికి వణుకుతోందని కారెక్కించుకున్నారు, 2023లో ఒకాయన నది గట్టు మీదకి తోశాడు. రెండుసార్లూ మంద తిరిగి చేర్చుకోలేదు, దూడని చంపాల్సి వచ్చింది.

సుధాకర్_సియాటిల్
అందరికీ థాంక్స్. చాలా నేర్చుకున్నా. కానీ ఒకటి మింగుడు పడటం లేదు. అక్కడ వేటాడుతున్నది ఎక్కువగా తెగల వాళ్ళే అని విన్నాను. బైసన్ వాళ్ళకి అంత పవిత్రమైతే ఎలా కాలుస్తారు?

బోజ్‌మన్_వాసి
నాకూ మొదట్లో అదే అనిపించేది. నెజ్ పర్స్, సేలిష్-కూటెనాయ్ లాంటి తెగలకి 1855 ఒప్పందాల్లోనే ఖాళీ భూముల్లో వేటాడే హక్కు రాసి ఇచ్చారు. భూమి అంతా ఇచ్చేసి దాచుకున్న హక్కు అది. తర్వాత వేటాడటానికి జంతువే లేకుండా చేశారు. 2005 తర్వాతే మళ్ళీ మొదలైంది.

నాతో పనిచేసే ఒకతను రెండేళ్ళ కిందట నన్ను ఇంటికి పిలిచాడు. వాళ్ళ మేనమామ వేటాడిన బైసన్. మాంసం ముందు ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళింది, తర్వాత పసిపిల్లలున్న ఇళ్ళకి, వేటాడినవాడికి చివర. తోలు ఊనడం ఎలాగో అమ్మమ్మ కూతుళ్ళకి నేర్పుతోంది, వాళ్ళ అమ్మకి రాదు, మధ్యలో ఒక తరం పోయింది. నేను శాకాహారిని, తినలేదు, వాళ్ళు ఏమీ అనుకోలేదు. అది చూశాక నాకు కోపం వేట మీద నుంచి ఆ ఇరుకు గీత మీదకి మళ్ళింది. అంత చిన్న చోట బారులు తీరి కాల్చాల్సి రావడం వాళ్ళకీ ఇష్టం లేదు. జాగా ఇస్తే మంద విస్తరిస్తుంది, వేట పద్ధతిగా జరుగుతుంది.

మాధవి77
చదివాను, అర్థమైంది. అయినా చూడి బైసన్‌ని ఫిబ్రవరిలో కాల్చడం నాకు తప్పే అనిపిస్తుంది. ఎవరు కాల్చినా సరే.

బోజ్‌మన్_వాసి
మాధవి గారూ, ఆ మాట తెగల్లో కూడా కొందరు అంటున్నారు. నేను కాదనను.

కృష్ణాతీరం
కబేళాకి పంపకుండా వేరే దారి లేదా?

బోజ్‌మన్_వాసి
ఉంది, జరుగుతోంది కూడా. రోగం లేనివాటిని వేరు చేసి క్వారంటైన్‌లో పెడతారు, పదే పదే పరీక్షిస్తారు, మూడేళ్ళ దాకా పట్టొచ్చు. అన్నీ దాటినవి మొంటానాలోనే ఫోర్ట్ పెక్ రిజర్వేషన్‌కి వెళ్తాయి, అక్కడి అసినిబొయిన్, సూ ప్రజలు కడపటి పరీక్షలు చేయిస్తారు, తర్వాత ఇంటర్‌ట్రైబల్ బఫెలో కౌన్సిల్ ద్వారా వేరే రాష్ట్రాల తెగలకి చేరతాయి. ఇప్పటికి కొన్ని వందలు వెళ్ళాయి. దొడ్లలో చోటు చాలక ఇంకా చాలా కబేళాకే పోతున్నాయి, అదే బాధ.

2023 జూన్‌లో బ్లాక్‌ఫీట్ వాళ్ళు చీఫ్ మౌంటెన్ దగ్గర కొన్ని డజన్లని కంచె లేకుండా వదిలేశారు, గ్లేసియర్ పార్కులోకైనా కెనడాలోకైనా వాటి ఇష్టం. 1908లో సేలిష్-కూటెనాయ్ రిజర్వేషన్ మధ్యలోంచి కేంద్రం తీసేసుకున్న నేషనల్ బైసన్ రేంజ్‌ని 2020 చివర్లో చట్టం చేసి తిరిగి ఇచ్చేశారు. ఇంకోవైపు 2024లో పార్కు కొత్త ప్రణాళికలో మందని 3,500 నుంచి 6,000 మధ్య ఉంచుతామంటే మొంటానా ప్రభుత్వం ఎక్కువని కోర్టుకి వెళ్ళింది.

ఒంగోలు_గిత్త
ఇదంతా చదివాక రెండు మాటలు. బైసన్‌ని పెంచుకునే రైతులు కూడా ఉన్నారు కదా, 2017 లెక్కల్లో అమెరికా ప్రైవేటు రాంచుల్లో 1.8 లక్షల పైన ఉన్నాయి. అంటే జాతి అంతరించిపోవట్లేదు. మరి సమస్యేంటి?

పాపికొండల_గాలి
గిత్త గారూ, కంచెలో మాంసానికి పెరిగేది, దాన్ని పట్టి, ఎంచి, మచ్చికైనదాన్ని ఉంచుకుంటూ పోతే నాలుగు తరాల్లో అది ఆవు అవుతుంది. తోడేలుకి ఎదురు నిలబడేది, మంచులో దారి వేసుకునేది, అది వేరు. పైగా అది నేలకి చేసే పని కూడా ఉంది. కాన్సస్‌లో కోంజా ప్రైరీ అనే గడ్డిమైదానం ఉంది, అక్కడ మూడు దశాబ్దాలు చూసి 2022లో చెప్పారు, బైసన్ మేసిన చోట నాటు మొక్కల రకాలు దాదాపు రెట్టింపు అయ్యాయి, ఆవులు మేసిన చోట పెరుగుదల అందులో సగమే. బైసన్ గడ్డినే ఏరుకుని తింటుంది, పూలమొక్కల్ని వదిలేస్తుంది. దుమ్ములో పొర్లి గుంటలు చేస్తుంది, వానాకాలం వాటిలో నీళ్ళు నిలుస్తాయి.

ఒంగోలు_గిత్త
ఆవులూ మేలు చేశాయన్నమాట, సగమైనా. సరే. రోగం లేదని తేలినవాటిని వదిలితే నాకు అభ్యంతరం లేదు. కంచె ఖర్చు, పరీక్షల ఖర్చు రైతు మీద వేయకుండా ప్రభుత్వం పెట్టుకోవాలి. ఆ మాట మీద నేను నిలబడతా.

శిరీష_డెన్వర్
సుధాకర్ గారూ, పాపకి చెప్పారా?

సుధాకర్_సియాటిల్
నిన్న రాత్రి చెప్పాను. రెండు డజన్ల సంగతి, రైల్లో వెళ్ళిన 15 సంగతి, ముసలివాళ్ళకి మాంసం ముందు ఇవ్వడం, అన్నీ. అంతా విని, "గీత ఎక్కడుందో వాటికి ఎవరూ చెప్పలేదా నాన్నా" అంది. లేదన్నాను. మళ్ళీ వెళ్దాం అంటోంది. భయపడుతుందనుకున్నా, తనే అడిగింది. ఎప్పుడు వెళ్తే మంచిది?

బోజ్‌మన్_వాసి
మే రెండో వారం. అప్పటికి దూడలు పుట్టి ఉంటాయి, నారింజ రంగులో ఉంటాయి, ఇక్కడివాళ్ళు ఎర్ర కుక్కలు అంటారు వాటిని. పొద్దున్నే ఆరుకల్లా లామార్‌లో ఉండండి. చలి కోట్లు మానొద్దు, మేలో కూడా మంచు పడుతుంది. వచ్చేముందు మెసేజ్ పెట్టండి, నా దగ్గర మంచి టెలిస్కోప్ ఉంది, తెస్తాను. పాప ఎత్తుకి సరిపోయే స్టాండు కూడా ఉంది.

మాధవి77
మేమూ వస్తాం, ఆ వారమే. ఎంతమందిమి అవుతామో లెక్క రాయండి.